బత్తాయిలకు మార్కులేసిన ఫోను

నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర ఒక జిరాక్సు షాపులో పనిచేసేదాన్ని. పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, కులం సర్టిఫికెట్లు రోజంతా అద్దం మీద బోర్లా పెట్టి స్కాన్ చేసి, ఎవరెవరికో మెయిల్ పంపడం నా పని. ఒకరోజు మా మండలంలో కొత్తగా పెట్టిన రైతుల కంపెనీ ఛైర్మన్ తన భూమి కాగితాలు పట్టుకొని వచ్చాడు. నేను పని చేస్తుంటే కాసేపు నిలబడి చూశాడు.

"స్కానింగ్ మంచిగొస్తది గదా నీకు," అన్నాడు.

వస్తుందన్నాను.

"అయితే వచ్చే సోమవారం నుంచి మా షెడ్డుకు రా. మాకు స్కానింగ్ చేసే మనిషి గావాలె."

"ఏం కాగితాలు సార్?"

"కాగితాలు గాదమ్మా, బత్తాయిలు."

ఆయనకు ఆ రెండింటికీ తేడా తెలియదని అప్పుడు నవ్వుకున్నాను. ఆ తేడా తెలియనివాళ్ళలో ఆయన అందరికన్నా కింది మెట్టు మీదే ఉన్నాడని తర్వాత తెలిసింది. రాష్ట్రం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. రైతులకు కంపెనీలు వచ్చాయి, కంపెనీలకు షెడ్లు వచ్చాయి, షెడ్లకు కంప్యూటర్లు వస్తున్నాయి. వాటితో పాటు నేనూ వెళ్ళాను.

ఆ షెడ్డు నాకు కొత్తది కాదు. మా అమ్మ అందులోనే కాయలు ఏరేది. తోటల నుంచి ట్రాక్టర్లలో వచ్చిన బత్తాయిలను కుప్పగా పోస్తే, రకం ప్రకారం వేరు చేసి ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఎత్తడమే ఏరడం. ఆమెతో పాటు మా వాడ ఆడవాళ్ళు ఇంకో ఐదుగురు. మాలో ఎవరికీ తోటల్లేవు. మా తాత తరంలో ఇల్లు కట్టుకున్న జాగా తప్ప మరో అడుగు నేల లేదు. అయినా ఇరవై ఏళ్ళుగా ఊరూరి తోటల్లో కాయ తెంపి, ఏరి, మోసిన మా అమ్మకు బత్తాయి గురించి తోటల సొంతదారులకన్నా ఎక్కువ తెలుసు. కాయను చేతిలోకి తీసుకుంటుంది, అరచేతిలో ఒకసారి ఎగరేసినట్టు చేస్తుంది, బొటనవేలితో అక్కడా ఇక్కడా ఒత్తుతుంది, పక్కామెతో మాట్లాడుతూనే డబ్బాలో వేస్తుంది. కాయ వంక చూసేది తక్కువ. ఎగరేస్తే బరువు తెలుస్తుంది. పెద్దగా ఉండి తేలిగ్గా ఉంటే తోలు మందమని, రసం తక్కువని అర్థం. ఒత్తితే పురుగు పొడిచిన చోటు మెత్తగా తగులుతుంది. బత్తాయి తోటల్లో ఒక రెక్కల పురుగు ఉంటుంది. సూదితో గుచ్చినట్టు కాయను గుచ్చి రసం తాగిపోతుంది. ఆ చిల్లు కంటికి ఆనదు. అలాంటి కాయ ఒక్కటి డబ్బాలో పడితే చాలు, లారీ ఢిల్లీ చేరేలోగా డబ్బా మొత్తం కుళ్ళుతుంది.

అమ్మ లెక్కలో కాయలు నాలుగు రకాలు. ఢిల్లీకి పోయేవి, పట్నం పోయేవి, జ్యూసుకు పోయేవి, ఇంటికి పోయేవి. చివరి రకం మంగు కాయలు. నల్లి అనే సన్న పురుగు గీరడం వల్ల తోలు మీద తుప్పు రంగులో మచ్చ కడుతుంది, దాన్నే మంగు అంటారు. చూపుకు బాగుండదు. తీపి మాత్రం ఎక్కువని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో మేం తిన్న బత్తాయిలన్నీ మంగువే. మచ్చలేని బత్తాయికి రుచి ఎలా ఉంటుందో నేను పెద్దయ్యాక, ఒక రోగిని చూడటానికి దవాఖానకు పోయినప్పుడు తెలుసుకున్నాను.

నేను చేరిన వారానికి హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన, ప్రతి వాక్యానికీ చివర 'అండి' తగిలించేవాడు. షెడ్డులో ఒక మూల తెల్లగుడ్డతో చిన్న గుడారం కట్టాడు. లోపల రెండు లైట్లు, ఒక స్టాండు, స్టాండుకు బోర్లా బిగించిన ఫోను, కింద తెల్ల పలక. పలక మీద కాయ పెడితే ఫోను దాన్ని చూసి అడ్డం ఎన్ని మిల్లీమీటర్లుందో, రంగు ఎంత తిరిగిందో, మచ్చ ఎంతుందో చూసుకొని, ఒకటో రకమా రెండో రకమా మూడో రకమా తేలుస్తుంది. తేల్చాక కూస్తుంది. ఒకటో రకానికి సన్నగా, రెండోదానికి మామూలుగా, మూడోదానికి బొంగురుగా.

"మనుషుల అంచనా పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుందండి. దీనికి అలసట లేదు, పక్షపాతం లేదు," అని ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు.

అమ్మ గుడారంలోకి తొంగిచూసి అడిగింది. "అది కాయను పట్టుకుంటదా సారూ?"

"లేదండి. చూస్తుంది."

"ఒట్టిగ చూసుడేనా?"

"చూస్తే చాలండి, అన్నీ తెలిసిపోతాయి."

అమ్మ తన కుప్ప దగ్గరికి పోయి కూర్చుంది. మా అక్క పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఇదే మాట అన్నప్పుడు ఆమె ఇలాగే లేచి వంటింట్లోకి పోయింది.

మొదటి రోజు ఒక రైతు పొద్దున్నే తెంపుకొచ్చిన మంచి కాయలు పెట్టాం. ఫోను బొంగురుగా కూసింది. ఇంకోటి పెట్టాం. మళ్ళీ బొంగురే. మధ్యాహ్నం దాకా షెడ్డులో ముసలి ఎద్దు దగ్గుతున్నట్టు అదే కూత. ఇంజినీరు లాప్‌టాప్ తెరిచి చాలాసేపు వెతికితే సంగతి బయటపడింది. ఈ సాఫ్ట్‌వేర్‌కు చదువు చెప్పింది ఎక్కడివో విదేశీ కమలాపండ్లతో. పండు అంటే నారింజ రంగులో మెరవాలని అది నేర్చుకొని వచ్చింది. మన బత్తాయి ఆకుపచ్చ మీద కొంచెం పసుపు తిరిగిందంటే కోతకు వచ్చినట్టే. దాని చదువు ప్రకారం నల్లగొండ జిల్లాలో ఇంతవరకు ఒక్క కాయ కూడా పండలేదు.

దిద్దుకోవడానికి టైము లేదు. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు, పట్నం నుంచి పెద్దసారు వస్తున్నాడు. ఛైర్మన్ షెడ్డంతా అలంకరించమన్నాడు. గుడారం ముందర బంతిపూల దండలు వేలాడగట్టాం. ఎవరికి తోచిందో గాని తెల్ల పలక చుట్టూ కూడా బంతిపూలు ఒత్తుగా పేర్చారు. పెద్దసారు వచ్చి, రిబ్బన్ కత్తిరించి, మేలైన బత్తాయి ఒకటి తీసుకొని పూల నడుమ పెట్టాడు. ఫోను సన్నగా కూయడం మొదలుపెట్టింది. ఆగకుండా కూసింది. గోడకు పెట్టిన టీవీలో లెక్క పడింది: ఒకటో రకం నలభై ఒకటి, మూడో రకం ఒకటి.

ఆ ఒకటీ బత్తాయి. నలభై ఒకటీ బంతిపూలు.

ఇంజినీరు మొహంలో నెత్తురు లేదు. ఛైర్మన్ మాత్రం అంకెను చూసి చప్పట్లు కొట్టాడు, ఆయన్ని చూసి అందరూ కొట్టారు. పెద్దసారు మైకు అందుకొని, మన రైతు పండించే పంటలో దాదాపు అంతా ఒకటో రకమేనని యంత్రమే తేల్చిందని, దీన్ని ఊరూరికీ తీసుకెళ్తామని చెప్పాడు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అందులో పూలు బాగా వచ్చాయి.

"ఎవరికీ చెప్పకండి మేడమ్," అన్నాడు ఇంజినీరు, సామాను సర్దుకుంటూ. నేను చెప్పలేదు. అమ్మ అప్పటికే వాడంతా చెప్పింది.

అయినా ఆ అబ్బాయి తప్పును దాచిపెట్టుకొని తిరిగేరకం కాదు. పదిరోజుల్లో మళ్ళీ వచ్చి, ఇక్కడి కాయలతోనే మళ్ళీ మొదటినుంచి చదువు చెప్పిస్తానన్నాడు. వేల కాయలు ఫొటోలు తీయాలి, ఒక్కో ఫొటో కింద అది ఏ రకమో రాయాలి. ఏ రకమో చెప్పడానికి పట్నం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన చదువుకున్న కాలేజీల పేర్లు విజిటింగ్ కార్డు వెనక వైపు దాకా వచ్చాయి. ఒక పూట కూర్చొని, ఒక డబ్బా కాయలు చూసి, రేకుల షెడ్డు వేడికి తట్టుకోలేక మిగతావి ఫొటోలు పంపితే చెబుతానని వెళ్ళిపోయాడు. పంపాం. జవాబు రాలేదు. అప్పుడు ఇంజినీరు నా దగ్గరికి వచ్చి, "మీ అమ్మగారు కూర్చుంటారా అండి?" అని అడిగాడు.

మూడు వారాలు కూర్చుంది. నేను ఫొటో తీయడం, ఆమె చెప్పడం, అతను టైపు చేయడం. పేచీ మొదటి గంటలోనే వచ్చింది. ఆమెవి నాలుగు రకాలు, అతని దగ్గర గడులు మూడు.

"'ఇంటికి' అనే గడి లేదండి ఆంటీ."

"మరి మంగు కాయను ఏడ ఏస్తున్నవు?"

"మూడో రకంలోనండి."

అమ్మ ఒక మంగు కాయ ఒలిచి అతని చేతిలో పెట్టింది. తిన్నాడు. ఇంకోటి అడిగి తిన్నాడు. తిన్నాక కూడా మూడో రకంలోనే వేశాడు. "కొనేవాళ్ళు చూపే చూస్తారండి," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

"గది నిజమే తియ్యి," అంది అమ్మ. ఆమె కూడా ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తోంది కదా.

ఇంకో కాయ దగ్గర అతను ఆపి, ఇది రెండోదని ఎలా తెలిసిందో కాస్త వివరంగా చెప్పమన్నాడు. రాసుకోవడానికి పెన్ను కూడా తీశాడు. అమ్మ కాయను అటూ ఇటూ తిప్పి, ఆలోచించి, "ఎట్ల తెలుస్తదంటే ఏం జెప్పాలె. నీకు చెమట వట్టిందని నీకెట్ల తెలుసు?" అంది. అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి ఫోను బాగా నేర్చుకుంది. ఆ మాట ఒప్పుకోవాలి. కాయ పెట్టగానే అమ్మ ఏమంటుందో అదే కూసేది. డైరెక్టర్ల మీటింగు పెట్టి చూపించారు, అందరూ సంతోషపడ్డారు. మీటింగు అయ్యాక ఛైర్మన్ నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. యంత్రం ఏరుతుంది గనక ఇక ఆడవాళ్ళు ఇద్దరు చాలు, మిగిలిన నలుగురి పేర్లు చదివి వినిపించమన్నాడు. మొదటి పేరు అమ్మది. వయసు ప్రకారం రాశారట.

నేను చదివాను. కంపెనీలో జీతం తీసుకునే మనిషిలా, గొంతు సర్దుకొని, ఇంటిపేరుతో సహా చదివాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని, "సరే మరి," అని మిగతా ముగ్గురినీ తోలుకొని వెళ్ళిపోయింది. ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు. ఆమె ఎత్తితే ఏదో ఒకటి చెప్పడానికి నేను రెండు మూడు మాటలు సిద్ధం చేసుకున్నాను గాని వాటి అవసరం రాలేదు.

నాలుగు రోజులు గడిచాయి. కుప్పలు షెడ్డు బయటికి వచ్చాయి. ఎవరికీ తట్టని చిన్న సంగతి ఏమిటంటే, ఫోను పైనుంచి మాత్రమే చూస్తుంది. బత్తాయికి కింది వైపు కూడా ఉంటుంది. ఒక్కో కాయను ఒకరు పట్టుకొని ఫోను కింద నాలుగు వైపులా తిప్పితేనే మార్కులు పూర్తిగా పడతాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఎన్ని తిప్పుతారు? ఐదో రోజు ఛైర్మనే స్వయంగా మా వాడకు వచ్చి నలుగురినీ రమ్మన్నాడు. అయితే ఏరేవాళ్ళుగా కాదు. ఏరేది యంత్రం అని పై ఆఫీసుకు అప్పటికే రాసిపంపారు. వీళ్ళకు 'కాయ తిప్పే సహాయకులు' అని కొత్త పేరు పెట్టి, మెళ్ళో వేసుకోవడానికి కార్డులు ఇచ్చారు.

అమ్మ ఆ కార్డు మెళ్ళో వేసుకొని, కాయను ఫోను కింద తిప్పి, కూత వినకముందే డబ్బాలో వేసేది. తిప్పేటప్పుడు చేతికి తెలుస్తుంది కదా. కూత ఆమె వెనక వచ్చేది. ఇంజినీరు ఒకసారి వచ్చి ఇది చూసి, మనిషికీ యంత్రానికీ సయోధ్య కుదిరిందని రిపోర్టు రాసుకొని వెళ్ళాడు.

అతను మార్కులు చూసుకోలేదు, అవి మొదటి రోజు నుంచే పడిపోయాయి. అంతకుముందు పలక మీద పెట్టిన కాయలకు బాగానే కూసిన ఫోను, చేతితో తిప్పే కాయలకు మాత్రం మూడో రకమని కూయసాగింది. ఎవరి తోట నుంచి వచ్చినా అంతే. రైతుకు ధర తేల్చే మార్కుల చీటీ మిషన్లోంచి వచ్చేది, నేను చింపి రైతు చేతిలో పెట్టేదాన్ని. తొమ్మిది రోజులు పెట్టాను. "గీ కాయకు ఏమైందే? మంచిగున్నది గదా," అని అమ్మ ఒకటి రెండుసార్లు అంది. ఫోనుకు కనపడింది నీకు కనపడలేదేమో, చూపు మందగించిందేమో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

పదో రోజు ఒక పెద్దాయన కాయ తెచ్చాడు. గొర్రెలు కాసే కుటుంబం, తండ్రి తరంలో రెండెకరాలు సంపాదించి బత్తాయి పెట్టారు. ఆ ఏడు బోరు ఎండిపోతే గొర్రెల్లో సగం అమ్మి, ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లను కాపాడుకున్నాడు. కాయ నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. చీటీ మూడో రకమని వచ్చింది, కారణం దగ్గర మంగు అని పడింది. ఆయన అరవలేదు. తలకు చుట్టిన తువ్వాల తీసి కింద పరుచుకొని గుడారం ముందు కూర్చున్నాడు.

"మంగు ఏడున్నదో చూపియ్యమను బిడ్డా. చూపిస్తే లేచిపోత."

చూపించడం నాకు చేతనవును. ఫోను ఏ మచ్చను చూసి మార్కులు తీసేసిందో దాని చుట్టూ ఎర్ర గీత గీసి ఫొటోను దాచుకుంటుందని ఇంజినీరు నేర్పాడు. కాని ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. తెరిచి టీవీలో పెట్టాను. పెద్దాయన, అమ్మ, మిగతా ఆడవాళ్ళు తెర ముందుకు వచ్చారు. ఆకుపచ్చటి బత్తాయి, దాని పక్కన తుప్పు రంగులో మచ్చ, మచ్చ చుట్టూ ఎర్ర గీత.

అమ్మ దగ్గరికి పోయి చూసింది. "గది నా వేలు గదా," అంది.

తర్వాతి ఫొటో పెట్టాను. అదీ వేలే. తర్వాతిదీ. కొన్నింట్లో పక్కింటి చిన్నమ్మ వేలు, కొన్నింట్లో ఇంకొకరిది. పలక మీద పెట్టిన కాయలతో చదువుకున్న ఫోనుకు చెయ్యి అనేది ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నల్లటి బొటనవేలు కనపడగానే తనకు తెలిసిన తుప్పు మచ్చ పేరు పెట్టేసింది.

ఛైర్మన్ పరుగున వచ్చాడు. పడిన చీటీని రద్దు చేసే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేదు, మళ్ళీ స్కాన్ చేయడం ఒక్కటే దారి. నన్ను కాయ పట్టుకోమన్నాడు. అవే కాయలు నేను తిప్పితే రెండో రకం వచ్చాయి. ఏళ్ళ తరబడి జిరాక్సు షాపు నీడలో ఉన్నందుకు దొరికిన మెట్టు అది. చివరికి ఛైర్మనే ఒకటి పట్టుకున్నాడు. ఆయన తెల్లటి మనిషి, తోటకు పోయినా కారు దిగడు. ఫోను సన్నగా కూసింది.

ఆ పెద్దాయన కాయ మొత్తం ఆ సాయంత్రం ఛైర్మనే తిప్పాడు. వేరే దారి లేదు. షెడ్డులో ఇంకెవరి చేతులకూ ఒకటో రకం రాదు. ఆరుగురు ఆడవాళ్ళు కాయలు అందిస్తుంటే, రైతుల కంపెనీ అధ్యక్షుడు స్టూలు మీద కూర్చొని, చొక్కా చేతులు మడిచి, ఒక్కో బత్తాయిని నాలుగు వైపులా తిప్పాడు. "జర నిమ్మళంగ దిప్పు పటేలా, తోలు కమిలిపోతది," అని అమ్మ మధ్యమధ్య చెబుతూ ఉంది. పెద్దాయన చీటీ తీసుకొని, తువ్వాల దులుపుకొని వెళ్ళాడు.

మర్నాడు ఇంజినీరు వచ్చి ఫొటోలన్నీ చూశాడు. తను పట్టుకొని చూశాడు, ఒకటో రకం వచ్చింది. అమ్మను పట్టుకోమన్నాడు, మూడు వచ్చింది. ఫోనును స్టాండు నుంచి విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ఆఖరికి, "వెలుతురు తేడా అండి," అన్నాడు.

"వెలుతురు గాదు కొడుకా, ఎండ," అంది అమ్మ.

అతను తలవంచుకున్నాడు. సరిచేయడానికి కొంత గడువు పడుతుందని, అందాకా ఏదైనా ఉపాయం చూడమని ఛైర్మన్‌తో అన్నాడు. ఛైర్మన్ ఉపాయం ఆ సాయంత్రమే దొరికింది. ఆరు జతల తెల్ల గ్లౌజులు.

గ్లౌజులతో మార్కులు అమాంతం పెరిగాయి. షెడ్డు చూడటానికి వచ్చినవాళ్ళు శుభ్రతను మెచ్చుకొని ఫొటోలు తీసుకున్నారు. అమ్మ మాత్రం మొదటిరోజే, "ఏం తెలుస్తలేదే, మొద్దుబారిన చేతులోలె ఉన్నయి," అంది. పురుగు పొడిచిన చోటు గ్లౌజు మీంచి తగలదు. ఫోనుకు ఆ చిల్లు ఎప్పుడూ కనపడలేదు. అమ్మ వేలు ఒత్తి తీసేస్తుంటే చిల్లు కాయ ఇన్నాళ్ళూ లారీ ఎక్కలేదు గనక, ఫోనుకు కనపడదన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

వారం తిరక్కముందే ఢిల్లీ వ్యాపారి ఫోన్ చేశాడు. ఛైర్మన్‌కు హిందీ వచ్చు. అవతలి మనిషి మాట్లాడిన హిందీ మాత్రం ఆయనకు వచ్చిన రకం కాదు. లారీలో సగం డబ్బాలు తెరవగానే నీరుకారాయట. ప్రతి డబ్బా మీద యంత్రం ముద్ర, ఒకటో రకం.

ఛైర్మన్ షెడ్డులోకి వచ్చి ఫోను వంక, గుడారం వంక, మా వంక చూస్తూ నిలబడ్డాడు. అమ్మ గ్లౌజులు ఊడబెరికి కిటికీలో పెట్టి, ముందున్న కుప్పలోంచి ఒక కాయ తీసి ఒత్తి, పక్కన పడేసింది. ఇంకోటి ఒత్తి, డబ్బాలో వేసింది. మిగతావాళ్ళూ విప్పేశారు. ఆ రోజు ఫోను ఏం కూసిందో ఎవరూ వినలేదు.

ఇంజినీరు ఈసారి వచ్చి కాయల జోలికి పోలేదు. రెండు రోజులు చేతుల ఫొటోలు తీశాడు. ఆరుగురి చేతులు, ముందు, వెనక, పిడికిలి, కాయ పట్టుకొని, కాయ లేకుండా.

"మా పెండ్లికి గూడ ఇన్ని ఫొటోలు దియ్యలే," అని పక్కింటి చిన్నమ్మ చీర సర్దుకుంది. చేతులే పడతాయని చెప్పినా వినలేదు.

ఆ ఫొటోలన్నిటి కింద 'చెయ్యి' అని టైపు చేయడం నా పని. అమ్మ చేతిని అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. బత్తాయి ముల్లు గీరిన గీతలు, తోలు నూనెకు నల్లబడిన గోరు, బొటనవేలి చివర కాయ ఒత్తి ఒత్తి నున్నగా అరిగిన చర్మం. ఇదే వేలును తొమ్మిది రోజులు మంగు అని అచ్చువేసి రైతుల చేతికిచ్చాను. టైపు చేస్తుంటే అక్షరాలు సరిగ్గా పడలేదు, రెండుసార్లు కొట్టేసి మళ్ళీ చేశాను. అమ్మ వెనక నిలబడి చూసి, "ఏం రాస్తున్నవు?" అంది. 'చెయ్యి' అని రాస్తున్నానన్నాను. "అంతేనా," అని వెళ్ళిపోయింది. చూపు మందగించిందేమో అన్నందుకు ఆ రోజు ఇంటికి పోయే దారిలో తప్పయిందన్నాను. "నువ్వెప్పుడన్నవు?" అంది. నిజంగా మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నటించిందో తెలియలేదు.

ఆ తర్వాత ఫోను బాగానే పనిచేసింది. నిజం చెప్పాలంటే, సైజు కొలవడంలో దానికి తిరుగులేదు. వ్యాపారులు కంటితో చూసి చిన్నకాయ అని వాదించడం తగ్గింది, మిల్లీమీటర్ల చీటీ చూపిస్తే నోరు మూసుకునేవాళ్ళు. ఒత్తేది అమ్మవాళ్ళు, కొలిచేది ఫోను. ఆ పొత్తు మీద, సీజను కాని రోజుల్లో వచ్చే కత్తెర పంట కూడా గడిచింది. ఏడాది చివర పైకి పంపిన రిపోర్టులో, మనుషుల ప్రమేయం లేకుండా ఏరడం సాధించామని రాశారు. నేనే టైపు చేశాను. ఆరుగురూ ఆ పక్కనే కూర్చొని టీ తాగుతున్నారు. నిపుణుల సలహా అన్నచోట ఒక పూట కూర్చున్న సారు పేరు ఉంది. ఇంజినీరు పట్టుబట్టి దాని కింద అమ్మ పేరు కూడా రాయించాడు. అక్షరదోషంతో పడింది గాని పడింది.

తర్వాతి ఎండాకాలం అతన్ని పాలమూరు వైపు మామిడి తోటలకు పంపారు. ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ కాయ పక్వానికి వచ్చిందో లేదో ఫోనుకు దొరకడం లేదండి. అమ్మగారిని నాలుగు రోజులు పంపగలరా? బస్సు దగ్గరికి నేనే వస్తాను."

ఫోను అమ్మకిచ్చాను. ఆమె చెవికి కొంచెం దూరంగా పట్టుకొని అంతా విన్నది.

"మామిడి ముచ్చట నాకేం తెల్వది కొడుకా. తినుడే తెల్సు," అంది. "ఆడ కాయ దించెటోళ్ళు ఉంటరు గదా, ఆళ్ళనడుగు."

"ఇక్కడ నిపుణుల లిస్టు ఒకటి ఇచ్చారండి, అందులో వాళ్ళ పేర్లు లేవు."

"లిస్టుల ఉండరు. చెట్ల కింద ఉంటరు. పొద్దుగాల ఎండ ఎక్కకముందే పో, పనిల దిగినంక మాట్లాడరు."

అతను అలాగేనండి అన్నాడు. ఎవరిని అడగాలో, ఏమని పలకరించాలో ఇంకా ఏవేవో అడిగాడు. ఆడవాళ్ళయితే అక్కా అను, పెద్దమనిషయితే తాతా అను, మొదలే ల్యాప్‌టాపు తియ్యకు అని అమ్మ ఓపిగ్గా ఒకటొకటీ చెబుతూ వాకిట్లోకి నడిచింది. నా ఫోనులో ఛార్జింగు అయిపోయేదాకా చెబుతూనే ఉంది.